ఆలోచన ఎవరి సొత్తు? కాగ్నిటివ్ సైన్స్ చదువూ, మనమూ

మా కార్వాన్ బస్తీలో నేనేం చదువుతున్నానో ఎవరికీ సరిగ్గా అర్థం కాదు. ఇంజనీరింగ్ అంటే తెలుసు, బి.ఎడ్. అంటే తెలుసు, పోలీసు పరీక్ష రాస్తున్నా అంటే తెలుసు. "కాగ్నిటివ్ సైన్స్" అన్న మాట మొదటిసారి విన్నప్పుడు మా అమ్మ "అంటే పిచ్చోళ్ల డాక్టరా బిడ్డా?" అని అడిగింది. కాదమ్మా, మనిషి ఎట్లా ఆలోచిస్తడో చదివే చదువు అని చెప్పాను. "దానికి చదువెందుకురా, అందరం ఆలోచిస్తనే ఉన్నం గదా" అన్నది.

అమ్మ మామూలుగా అన్న మాటే గానీ, ఈ దేశం ఆ మాటను ఎన్నడూ ఒప్పుకోలేదు. తలతో చేసే పని కొందరిది, ఒళ్లు వంచి చేసే పని మిగతా వాళ్లది అని పంచిపెట్టింది. కులం పనిని మాత్రమే గాక పని చేసే మనుషుల్ని కూడా మెట్లు మెట్లుగా విడదీసిందని 1936లో 'కుల నిర్మూలన'లో అంబేద్కర్ వాదించారు. ఆ విభజనకు ఇప్పటి పేరు 'మెరిట్'. రిజర్వేషన్ మాట వచ్చిన ప్రతిసారీ మన ముందు పెట్టే ఈ మెరిట్ అనే వస్తువు మనిషి బుర్రలో పుట్టుకతో ఉంటుందా, బడిలో తయారవుతుందా, పరీక్ష హాలులో తయారవుతుందా? దీన్ని ప్రయోగాలతో తేల్చడానికి పనికొచ్చే పనిముట్లు కాగ్నిటివ్ సైన్స్ దగ్గర ఉన్నాయి. అందుకే ఈ చదువు గురించి మన కార్యకర్తలకూ, విద్యార్థులకూ, టీచర్లకూ తెలియాలి. దాన్ని వివరించడం, మనకు అందులో ఏముందో, ఏం లేదో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఏమిటీ శాస్త్రం?

డి.ఎడ్., బి.ఎడ్. చదివిన టీచర్లకు పియాజె, ఆయన చెప్పిన 'సంజ్ఞానాత్మక వికాసం' గుర్తుండే ఉంటాయి. ఆ సంజ్ఞానమే కాగ్నిషన్. చూడటం, గుర్తుపెట్టుకోవడం, మాట్లాడటం, లెక్క కట్టడం, నిర్ణయం తీసుకోవడం, ఇవన్నీ ఇందులోకి వస్తాయి.

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో అమెరికా సైకాలజీలో 'మనసు' అన్న మాటే దాదాపు నిషిద్ధం. బయటికి కనిపించే ప్రవర్తనను మాత్రమే కొలవాలి, లోపల ఏం జరుగుతుందో అడగకూడదు అన్నది అప్పటి పెద్దల వాదం. 1950లలో ఆ గోడ బీటలు వారింది. 1956 సెప్టెంబర్ 11న అమెరికాలోని ఎం.ఐ.టి.లో జరిగిన సమావేశంలో జార్జ్ మిల్లర్ మనిషి ఒకేసారి ఎన్ని విషయాలు గుర్తుంచుకోగలడో మాట్లాడాడు. నోమ్ చోమ్‌స్కీ వాక్యాలు ఎట్లా తయారవుతాయో మాట్లాడాడు. ఆలెన్ న్యూవెల్, హెర్బర్ట్ సైమన్ తర్కశాస్త్ర సిద్ధాంతాలను నిరూపించే కంప్యూటర్ ప్రోగ్రాం గురించి చెప్పారు. వేరు వేరు శాఖల వాళ్లు ఒకే వస్తువు చుట్టూ తిరుగుతున్నారని ఆ రోజే తనకు తట్టిందని మిల్లర్ తర్వాత రాశాడు. 1978లో స్లోన్ ఫౌండేషన్ నివేదిక ఈ చదువును ఆరు మూలల బొమ్మగా గీసింది: సైకాలజీ, భాషాశాస్త్రం, కంప్యూటర్ సైన్స్, మెదడు శాస్త్రం, మానవశాస్త్రం, తత్వశాస్త్రం. 1986లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో క్యాంపస్‌లో ఈ పేరుతో ప్రత్యేక డిపార్టుమెంటు ఏర్పడింది.

ఆరు శాస్త్రాలు ఎందుకు కలవాలి? మా అమ్మనే ఉదాహరణగా తీసుకుందాం. అమ్మ గుడిమల్కాపూర్ మార్కెట్లో పూలు కిలోల లెక్కన కొంటుంది, మాల కట్టి కార్వాన్‌లో మూరల లెక్కన అమ్ముతుంది. గిరాకీ దక్ఖనీలో అడుగుతాడు. అమ్మ తెలుగులో లెక్క కట్టుకొని దక్ఖనీలో ధర చెప్తుంది. నాలుగు మూరలు, ఐదు వందల నోటు, చిల్లర చేతిలోకి వచ్చేస్తుంది. కాగితం లేదు, పెన్ను లేదు, బడి మొదలే లేదు.

ఈ ఒక్క బేరం మీద ఆరుగురు ఆరు ప్రశ్నలు వేస్తారు. ఆమె ఒకేసారి ఎన్ని అంకెలు మనసులో పెట్టుకుంటుంది, తప్పు పోతే ఎక్కడ పోతుంది అని సైకాలజీ వాళ్లు అడుగుతారు. రెండు భాషలు ఒకదాని మీద ఒకటి పడకుండా ఎట్లా నడుస్తున్నాయి అని భాషాశాస్త్రం వాళ్లు, ఆ సమయంలో మెదడులో ఏ భాగాలు పని చేస్తున్నాయి అని మెదడు శాస్త్రం వాళ్లు అడుగుతారు. ఆమె వేసిన మెట్లన్నీ ప్రోగ్రాంగా రాస్తే యంత్రం అదే జవాబు ఇస్తుందా అన్నది కంప్యూటర్ వాళ్ల ప్రశ్న. మూర అనే కొలత ఎక్కడిది, బడి లేకుండా ఈ లెక్క ఎవరి దగ్గర నేర్చింది అన్నది మానవశాస్త్రం ప్రశ్న. లెక్క ఆమె తలలోనే ఉందా, ఆమె మోచేతిలోనూ దారం ముడుల్లోనూ కూడా ఉందా అన్నది తత్వశాస్త్రం ప్రశ్న. ఏ ఒక్కరి జవాబూ మిగతా వాళ్లది లేకుండా నిలబడదు. ఇంటర్‌డిసిప్లినరీ అంటే అర్థం ఇదే.

డిగ్రీగా ఎట్లా ఉంటుంది?

మన దేశంలో ఈ చదువు వయసు తక్కువ. 2002లో అలహాబాద్ విశ్వవిద్యాలయంలో సెంటర్ ఆఫ్ బిహేవియరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ మొదలైంది. ఐ.ఐ.టి. గాంధీనగర్‌లో ఎమ్మెస్సీ ఉంది, ఐ.ఐ.టి. కాన్పూర్‌లో డిపార్టుమెంటు ఉంది. మనకు దగ్గరలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సెంటర్ ఫర్ న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ ఉంది. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్ ఉంది, అక్కడ పరిశోధన డిగ్రీలు చేయొచ్చు. కార్వాన్ నుంచి మెహదీపట్నం పోయి బస్సు మారితే ఈ రెండు చోట్లకూ చేరొచ్చు. మా బస్తీ నుంచి ఆ గేటు దాకా బస్సులో గంట పడుతుంది, మా కుటుంబానికి మాత్రం మూడు తరాలు పట్టింది.

ఎమ్మెస్సీ సాధారణంగా రెండేళ్లు. మొదట్లో అన్ని శాఖల పునాదులు చెప్తారు: మెదడు నిర్మాణం, జ్ఞాపకం, ధ్యాస, భాష, స్టాటిస్టిక్స్, ప్రోగ్రామింగ్, ప్రయోగం రూపొందించడం. తర్వాత ల్యాబ్ పని, చివర సొంత పరిశోధన. తెర మీద బొమ్మ కనిపించినప్పటి నుంచి మీట నొక్కేదాకా పట్టిన సమయాన్ని మిల్లీసెకన్లలో కొలుస్తారు. చదివేటప్పుడు కన్ను ఏ అక్షరం మీద ఎంతసేపు ఆగిందో ఐ ట్రాకర్ చెప్తుంది. తల మీద ఎలక్ట్రోడ్ల టోపీ పెట్టి మెదడులోని సన్నటి విద్యుత్తును ఇ.ఇ.జి. పట్టుకుంటుంది. మెదడులో ఏ చోట ఆక్సిజన్ వాడకం మారిందో ఎఫ్.ఎం.ఆర్.ఐ. చూపిస్తుంది.

సైకాలజీ, లింగ్విస్టిక్స్, బయాలజీ, ఇంజనీరింగ్, ఫిలాసఫీ చదివిన వాళ్లు ఈ చదువులోకి వస్తుంటారు. ఒక్కో సంస్థ అర్హతలు ఒక్కో రకంగా ఉంటాయి, ఏటేటా మారుతుంటాయి కూడా. నోటిఫికేషన్ స్వయంగా చూసుకోవాలి. కేంద్ర సంస్థల్లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం, ఓబీసీలకు 27 శాతం సీట్లు ఉంటాయి. పిహెచ్.డి.కి ఎస్సీ విద్యార్థుల నేషనల్ ఫెలోషిప్‌కు ప్రయత్నించొచ్చు.

బస్తీ గురించి ఈ శాస్త్రం ఏం చెప్పింది?

కార్వాన్ అన్న పేరే వర్తకుల బిడారు నుంచి వచ్చింది. గోల్కొండ కోటకూ పురానాపూల్‌కూ నడుమ కుతుబ్‌షాహీల కాలంలో వజ్రాల వర్తకులు దిగిన చోటు ఇది. 1671లో కట్టిన టోలీ మసీదు ఇప్పటికీ ఉంది. వర్తకం వచ్చిన చోటికి భాషలూ వస్తాయి. మా గల్లీలో పుట్టిన పిల్లకు తెలుగు, దక్ఖనీ రెండూ పాలతోపాటు వస్తాయి. హిందీ, మరాఠీ చెవిన పడుతూనే ఉంటాయి. బడిలో మాత్రం దీన్ని చదువు కింద లెక్క కట్టరు. "రెండు భాషలు కలిపి ఖరాబు చేస్తరు" అని తిట్లు పడతాయి.

2013లో న్యూరాలజీ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు మతిమరుపు జబ్బు వచ్చిన 648 మందిని పరిశీలించారు. వాళ్లలో 391 మంది ఒకటి కంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లు. ఒకే భాష వచ్చినవాళ్లతో పోలిస్తే వీళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడి మొహం చూడని వాళ్లలో కూడా ఈ తేడా కనిపించింది, వాళ్లలో అది ఆరేళ్లు. పాశ్చాత్య దేశాల్లో ఇదే విషయం మీద చేసిన పరిశోధనల్లో రెండు భాషల వాళ్లంటే ఎక్కువగా వలస వచ్చినవాళ్లు. అందుకని తేడా భాషదో వలసదో చదువుదో తేలేది కాదు. వలస రాకుండా, బడికి పోకుండా రెండు మూడు భాషలు మాట్లాడే మామూలు జనం హైదరాబాద్‌లో ఉన్నారు గనుకనే ఆ చిక్కు విడదీయడం సాధ్యమైంది. తర్వాత వేరే చోట్ల చేసిన అధ్యయనాలన్నీ ఒకే ఫలితం ఇవ్వలేదు, చర్చ సాగుతూనే ఉంది. అయినా ప్రపంచ శాస్త్రానికి అంత ముఖ్యమైన ఆధారం మన నగరంలోని నిరక్షరాస్యుల మాటల్లోంచి వచ్చిందన్నది గుర్తుంచుకోవాలి.

ఇక లెక్కల సంగతి. 1985లో బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో తెరెజిన్యా కరేహర్, ఆమె సహచరులు వీధిలో సరుకు అమ్మే ఐదుగురు పిల్లల్ని పరీక్షించారు. బేరంలో వేసిన లెక్కల్లో 98 శాతం సరైనవి. అవే లెక్కలు కాగితం మీద అంకెలుగా ఇస్తే సరైనవి 37 శాతమే. పిల్లలు ఐదుగురే గదా అనుకోవచ్చు. 2025లో నేచర్ పత్రికలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, ఎలిజబెత్ స్పెల్కీ తదితరులు కలకత్తా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే 1,436 మంది పిల్లల మీద చేసిన పరిశోధన వచ్చింది. మార్కెట్ పిల్లలు బేరంలో కష్టమైన లెక్కలు సునాయాసంగా చేశారు, బడి పద్ధతిలో ఇచ్చిన లెక్కల్లో తడబడ్డారు. బడి పిల్లలు కాగితం మీద మెరుగ్గా చేశారు, బేరంలో తడబడ్డారు. లోపం రెండు వైపులా ఉంది. కానీ ఫెయిల్ అన్న ముద్ర ఒక్క వైపే పడుతుంది, ఎందుకంటే పరీక్ష పెట్టేది బడి. మా అమ్మ బేరాన్ని సిలబస్ చేసి పరీక్ష పెడితే మా లెక్కల సారుకు ఎన్ని మార్కులు వచ్చేవో!

కులం పేరు వినిపించినప్పుడు

నేను ఏడో తరగతిలో ఉండగా ఆఫీసు నుంచి గుమాస్తా వచ్చి "స్కాలర్‌షిప్పు పిల్లలు లేచి నిలబడండి" అనేవాడు. లేచేవాళ్లం. అటువంటి రోజు ఆ తర్వాతి పీరియడ్‌లో నేను ఒక్క ప్రశ్నకు కూడా చెయ్యి ఎత్తేవాణ్ని కాదు. ఎందుకో అప్పుడు తెలియదు.

ఏళ్ల తర్వాత కార్లా హాఫ్, ప్రియాంక పాండే చేసిన ప్రయోగం చదివినప్పుడు ఆ గది గుర్తొచ్చింది. వాళ్లు ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు చిక్కుదారుల పజిళ్లు ఇచ్చారు. అగ్రకుల పిల్లలు 321 మంది, దళిత పిల్లలు 321 మంది. కులం చెప్పకుండా పజిళ్లు ఇచ్చినప్పుడు ఇద్దరి మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. అందరి ముందూ పేరుతోపాటు కులం చదివి మొదలుపెట్టినప్పుడు దళిత పిల్లల ఫలితం బాగా పడిపోయింది. 2004లో పరిశోధనా పత్రంగానూ, 2006లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలోనూ ఇది వెలువడింది.

ఇక్కడ మనం జాగ్రత్తగా ఉండాలి. మనకు నచ్చిన ఫలితం గనుక నెత్తిన పెట్టుకోవడం శాస్త్రం కాదు. 'తమ సమూహం మీద ఉన్న చులకన భావం గుర్తొస్తే పరీక్షలో వెనకబడతారు' అన్న సిద్ధాంతాన్ని 1995లో అమెరికాలో క్లాడ్ స్టీల్, జాషువా ఆరన్‌సన్ ముందుకు తెచ్చారు. తర్వాత ఎక్కువ మందితో జరిపిన ప్రయోగాల్లో ఆ ప్రభావం మొదట చెప్పినంత బలంగా కనిపించలేదు. అయితే ఉత్తరప్రదేశ్ ప్రయోగంలో మనకు పనికొచ్చే అంశం ఇంకోటి ఉంది. అవే పజిళ్లు, అదే ఈడు పిల్లలు. మారింది గదిలో వినిపించిన మాట ఒక్కటే. మార్కులు బుర్రను మాత్రమే కొలుస్తాయి అనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి. ఇటువంటి ప్రయోగం తెలంగాణ హాస్టళ్లలో, మన గురుకులాల్లో, ఆడపిల్లలతో కూడా చేస్తే ఏం తేలుతుంది? ఆ ప్రశ్న వేయాల్సింది మనమే.

శాస్త్రంలో ఖాళీలు

ఈ శాస్త్రాన్ని మొత్తంగా నమ్మమని నేను చెప్పడం లేదు. బుర్రల్ని కొలిచే పనికి చెడ్డ చరిత్ర ఉంది. 1917లో అమెరికా సైన్యంలో లక్షలాది మందికి తెలివితేటల పరీక్షలు పెట్టారు. ఆ అంకెలు పట్టుకొని కార్ల్ బ్రిగమ్ 1923లో జాతుల్ని ఎక్కువ తక్కువలుగా పేర్చి పుస్తకం రాశాడు. 1930లో తన వాదన తప్పని తానే ఒప్పుకున్నాడు. ఈలోగా ఆయన తయారుచేసిన శాట్ ప్రవేశ పరీక్ష 1926లోనే మొదలైపోయింది, అది ఇప్పటికీ నడుస్తోంది.

రెండో సంగతి, మనిషి మనసు గురించి చెప్పే సూత్రాలు ఏ మనుషుల మీద తయారయ్యాయి? మనస్తత్వ పరిశోధనల్లో పాల్గొన్న వాళ్లలో 96 శాతం మంది ప్రపంచ జనాభాలో 12 శాతమే ఉన్న దేశాల వాళ్లని 2010లో జోసెఫ్ హెన్రిక్, ఆయన సహచరులు లెక్క తేల్చారు. అందులోనూ ఎక్కువ మంది కాలేజీ విద్యార్థులు.

మూడోది ఇంకా ముఖ్యం. 1978 బొమ్మలోని ఆరు మూలల్లో మానవశాస్త్రం దాదాపు మాయమైందని, సైకాలజీ మొత్తాన్ని ఆక్రమించుకుందని 2019లో రఫాయెల్ నూన్యెజ్, ఆయన సహచరులు చూపించారు. అంటే మనుషుల్ని వాళ్ల ఊళ్లో, వాళ్ల పనిలో, వాళ్ల సంబంధాల్లో చూసే మూల ఖాళీ అయింది. మన దేశంలో ఆ మూలలోనే కులం ఉంటుంది. ఆ మూల లేకపోతే తల ఒక్కటే మిగులుతుంది, అది ఏ వాడలో పెరిగిన తలో అడిగేవాడు ఉండడు.

ఆ మూలను నిలబెట్టిన వాళ్లు లేకపోలేదు. 1995లో ఎడ్విన్ హచిన్స్ అమెరికా నౌకలో దారి లెక్కకట్టే పనిని పరిశీలించి, ఆ ఆలోచన ఏ ఒక్కరి తలలోనూ లేదు, పటాలూ పనిముట్లూ పది మంది మనుషులూ కలిసి చేస్తున్నారు అని చూపించాడు. దాన్ని చదువుతుంటే నాకు మా నాయన కూర్చున్న చోటు కళ్లకు కట్టింది. తోలు వంచి చూస్తే ఎటు సాగుతుందో చేతికి తెలిసేది. గీత గీయకుండానే కత్తి తిరిగేది, ఆరె దిగిన చోట కుట్టు వరుస తప్పేది కాదు. ఓడ మీద చేస్తే అది కాగ్నిషన్ అయింది. కార్వాన్ రోడ్డు పక్కన చేస్తే కులవృత్తి అయింది. మన వృత్తుల మాటలనైనా కొందరు గ్రంథస్థం చేశారు, 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం వచ్చింది. ఆ మాటల వెనక, ఆ చేతుల్లో ఉన్న ఆలోచనను శాస్త్రంగా రాసే పని మిగిలే ఉంది.

లోపలికి వెళ్లాక

ఇంటర్ దాకా తెలుగు మీడియం, సర్కారు డిగ్రీ కాలేజీలో బి.ఏ. ఇదీ నా పెట్టుబడి. ఆరు శాస్త్రాల చదువంటే వచ్చినవాళ్లందరికీ ఒక గదిలో బలం, ఐదు గదుల్లో బలహీనత ఉండాలి. కాగితం మీద అందరూ సమానమే. కానీ ఇంట్లో కంప్యూటరూ, ఇంగ్లీషూ, పుస్తకాల అల్మారా ఉన్నవాళ్లకు ఆ ఐదు గదుల తాళాలు ఇంటి నుంచే వస్తాయి. నాకు మొదటి సెమిస్టర్‌లో ప్రోగ్రామింగ్ పోయింది. "నీ బేసిక్స్ వీక్" అన్నారు. బేసిక్స్ అంటే ఏమిటి, అవి ఎక్కడ అమ్ముతారు అని అడగాలనిపించింది, అడగలేదు.

గట్టెక్కింది నలుగురం కలిసి చదువుకోవడం వల్ల. ఇంజనీరింగ్ నుంచి వచ్చినవాడు ప్రోగ్రాం చెప్పాడు, బయాలజీ అమ్మాయి మెదడు బొమ్మలు వేయించింది. రెండు భాషల అధ్యయనాలు వచ్చినప్పుడు నేను చెప్పాను. ఏ మాట ఏ గిరాకీతో ఏ భాషలోకి ఎందుకు మారుతుందో నాకు పుస్తకం అవసరం లేకుండా తెలుసు. నా బస్తీ నాకు సిగ్గుపడాల్సిన అడ్రసు కాదు, పనికొచ్చే సామగ్రి అని తెలిసింది ఆ గదిలోనే.

రావాలనుకునే పిల్లలకు నిజం చెప్పాలి. నెట్ రాయాలంటే మన వాళ్లు సైకాలజీయో లింగ్విస్టిక్సో ఫిలాసఫీయో ఎంచుకోవాలి. డిగ్రీ కాలేజీ ఉద్యోగాలు పాత సబ్జెక్టుల పేర్లతోనే వస్తాయి. కాబట్టి ఆరు శాఖల్లో ఒకదాన్ని గట్టిగా పట్టుకోండి, మిగతావి దాని మీద కట్టుకోండి. స్టాటిస్టిక్స్, ప్రోగ్రామింగ్ డిగ్రీలోనే మొదలుపెట్టండి. క్యాంపస్ గేటు దాటితే కులం ఆగిపోతుందన్న భ్రమ వద్దు. 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయిన యూనివర్సిటీలోనే నేను పైన చెప్పిన సెంటర్లలో ఒకటి ఉంది. ఒంటరిగా వెళ్లకండి, వెళ్లిన రోజే మన విద్యార్థి సంఘాలను వెతుక్కోండి.

టీచర్లకు ఒక మనవి. లెక్క రాని పిల్లను మొద్దు అనే ముందు ఆమెను ఒక్కసారి అంగడిలో చూడండి. అక్కడ చేసే లెక్కకూ బోర్డు మీది లెక్కకూ మధ్య దారి వేయడమే బోధన. కార్యకర్తలకు ఇంకొకటి. మెరిట్ మీద చర్చ వచ్చినప్పుడు అన్యాయం జరిగిందని చెప్పడంతో ఆగకండి, మెరిట్‌ను ఎట్లా కొలిచారో చూపించమని అడగండి.

గత శతాబ్దం మొదట్లో భాగ్యరెడ్డి వర్మ ఈ నగరంలో దళిత పిల్లలకు బడులు పెట్టినప్పుడు మన పోరాటం అక్షరం కోసం. ఇప్పుడు ప్రశ్న వేసే హక్కు కోసం. నిమ్స్ అధ్యయనంలోనూ, ఉత్తరప్రదేశ్ ప్రయోగంలోనూ, కలకత్తా మార్కెట్లోనూ మనలాంటి వాళ్లు ఉన్నారు. అంకెలుగా ఉన్నారు. ప్రశ్న తయారుచేసిన గదిలో ఎంతమంది ఉన్నారు?

నిరుడు ఇంటికి పోయినప్పుడు అమ్మ ముందు స్టాప్‌వాచ్ పెట్టి, గిరాకీ మాటకూ ఆమె జవాబుకూ మధ్య సమయం కొలిచాను. అమ్మ కాసేపు ఓపిక పట్టింది. తర్వాత "నన్ను కొలుస్తున్నవ్ గానీ, రాసినంక నాకు సదివి ఇనిపిస్తవా?" అన్నది. ఆమెకు చదివి వినిపించగలిగేటట్టు తెలుగులో రాయడం నా పరిశోధనలో భాగమే అనుకుంటున్నాను. ఈ వ్యాసం దానికి మొదలు.